అనుభవం గారు

పెద్దాపురంలో వీధికో అనుభవం గారు ఉంటారు. పట్టుమగ్గం గుంటలో కూర్చున్నా, కుట్టుమిషను తొక్కుతున్నా, బడిలో పాఠం చెబుతున్నా ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. కొత్త సంగతి ఏది ఎత్తినా, మాట సగంలో ఉండగానే "అదేటండీ, మేం ఎరగందా?" అనేస్తారు. మిగతా సగం ఆయనకి అక్కర్లేదు. పోనీ పని రాదా అంటే బ్రహ్మాండంగా వచ్చు, చిక్కంతా అక్కడే. రానివాడు భయపడి నలుగురినీ అడుగుతాడు. ఈయన వచ్చిన పనే మళ్లీ మళ్లీ చేస్తారు. రాని పని గుమ్మంలోకొస్తే "ఈ కాలపోళ్లకి టేస్టు లేదండి" అని తిప్పి పంపేస్తారు. అందుకే ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. పరీక్షకే కూర్చోనివాణ్ణి తప్పించడం ఎవరి తరం?

ఈ జబ్బు పాతదే. కొంచెం తెలిసినప్పుడు మదించిన ఏనుగులా ఉండి, పండితుల దగ్గర కూర్చున్నాక ఆ మదం దిగిపోయినవాడి గురించి భర్తృహరి సంస్కృతంలో చెప్పాడు. దాన్ని తెలుగు చేసినవారిలో 18వ శతాబ్దంలో ఈ పెద్దాపురం సంస్థానం నీడన బతికిన లక్ష్మణకవి ఒకరు. ఇంటిపేరు ఏనుగు కావడం కాకతాళీయమే లెండి. ఆ పద్యం అనుభవం గారికి కంఠతా వచ్చు, ఎదుటివాళ్లకి అప్పజెప్పడానికి. నిలదీస్తే "ఇది తాతలనాటి పద్ధతండి" అంటారు. తాతలు మాత్రం కొత్తది ముట్టుకోలేదా? మనవాళ్లు డిజైన్లు నెయ్యడానికి మగ్గానికి తగిలించుకున్న జకార్డు యంత్రం 1804 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియాన్‌లో పుట్టింది. మొదట్లో అక్కడి నేతగాళ్లే దాని మీద విరుచుకుపడ్డారు. మనకిప్పుడది సంప్రదాయం! ధవళేశ్వరం ఆనకట్టనే చూడండి. 1847లో పని మొదలెట్టి 1852కల్లా ముగించిన కాటన్ దొర, ఇసుకలో పునాది నిలబెట్టే కిటుకు కావేరి మీద పాతకాలపు దేశీయులు కట్టిన కట్టల్ని చూసి నేర్చుకున్నానని స్వయంగా రాసుకున్నాడు. ఆయన విగ్రహానికి ఏటా దండేసే అనుభవం గారు ఆ ఒక్క సుగుణం మాత్రం తీసుకోరు.

ఆయన తరఫున చెప్పుకోదగ్గ వాదన ఒకటుంది. కూలికి నేసేవాడు కొత్త అంచు ప్రయత్నించి పట్టు పాడుచేస్తే ఆ నష్టం ఎవరు పెట్టుకోవాలి? న్యాయమైన ప్రశ్నే. పట్టునూలిచ్చే షావుకారు ఆ నష్టంలో పాలు పంచుకోనంతకాలం, నేర్చుకోవడం లేదని నేతగాణ్ణి తిట్టడం అన్యాయం. కానీ ఎదుటివాడి మాట చివరిదాకా వినడానికి పోగు పట్టు కూడా ఖర్చవదు కదా. ఇక నేర్చుకుంటూనే ఉంటే పనెప్పుడు చేస్తారంటారా, అదీ నిజమే. ఆ కోవలో సర్టిఫికెట్ గారున్నారు. గోడ నిండా ఫ్రేములే, చొక్కాకి గుండీ కుట్టమంటే మాత్రం ఇంకో కోర్సు ఉందంటారు. ఇద్దర్నీ పోటీకి పెడితే నా ఓటు అనుభవం గారికే. ఎందుకంటే ఆయన చెయ్యి ఆయనకి చెప్పకుండా రోజూ నేర్చుకుంటోంది. ఎండల్లో పోగు పెళుసెక్కి తెగుతుంది, వానల్లో తేమ పట్టి సాగుతుంది. అందుకు తగ్గట్టు పడుగు బిగువు మారుస్తూనే ఉంటారు, ఆ మార్పుని నోటితో మాత్రం ఒప్పుకోరు. ఆయన దగ్గర పనికి కుదిరిన కుర్రాళ్లకి ఈ గుట్టు తెలుసు. ఆయన మాట్లాడినంతసేపూ "ఆయ్, అవునండి" అంటూ తలూపుతారు, కళ్లు మాత్రం ఆ చేతి మీంచి తియ్యరు.