‘కేబుల్ మార్చండి’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: మ్యాచింగ్ కుదరలేదండీ. కేబుల్ మార్చండి.

అవతారిక: బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్‌లో పాతుకుపోయిన తెలుగు కుటుంబాల్లో ప్రీయాంప్ ఇంట్లోనే కట్టుకునే శాఖ ఒకటుంది. ఆ శాఖకు పెద్దదిక్కు, రైల్వే టెలిఫోన్ల మీద సర్వీసంతా గడిపి రిటైరైన ఒక గురువుగారు. శ్రీరామనవమి పందిట్లో హరిదాసు గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినిపించినప్పుడు వారి నోట వెలువడిన సూత్రమిది. ఆ ఒక్క సూత్రాన్నే ఏటా వింటున్నాం గనుక టీక అవసరమైంది.

‘మ్యాచింగ్’: స్పష్టం. (కష్టమైన చోట ‘స్పష్టం’ అని దాటిపోవడం వ్యాఖ్యాతల జన్మహక్కు. మల్లినాథసూరి మాత్రం ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ఊరు కొలిచెలమ అంటే ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం అని చెప్పడం ఇక్కడ అక్కర్లేదు. అయినా చెప్పాను.)

‘కుదరలేదు’: ఈ క్రియకు కర్త కనబడడు. కట్టినవాడు తప్పుకోవడానికి ఇంతకన్నా మంచి వ్యాకరణం లేదు.

‘అండీ’: గౌరవార్థకం. ఎదుటివాడి నోరు మూయించడం ప్రయోజనం.

ఇక కుదరడమంటే ఏమిటి? దీనికి తర్కశాస్త్రానికి పోవాలి. మాటలు కలిసి వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడుండాలన్నారు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడే. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరసగా పలికితే ఒక మాటకు ఇంకో మాట మీద ఆకాంక్ష లేదు, వాక్యం కాదు. నిప్పుతో తడపమంటే యోగ్యత లేదు. ‘ఆవును’ అని ఒక జాములో, ‘తోలుకురా’ అని మరో జాములో అంటే సన్నిధి లేదు. ఆవు వచ్చే లోపల వినేవాడు నిద్రపోతాడు. ఈ మూడో ఉదాహరణ నాకెంతో ఇష్టం. ఆఫీసు ఫైళ్లన్నీ దీనికి లక్ష్యాలే: ‘మంజూరు’ ఒక ఏడాది, ‘చేయడమైనది’ మరుసటి ఏడాది. పింఛను కాగితాలకైతే సన్నిధి సంగతి అటుంచండి, ఆకాంక్ష మాత్రం కావలసినంత. ఎక్కడున్నాం? ఆఁ, ప్రీయాంప్.

పవర్ యాంప్ పూర్తిగా గొంతెత్తడానికి ఒక వోల్టో, ముప్పావు వోల్టో కోరుతుంది, అది ఆకాంక్ష. ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్సు, ఎదురుగా ఉన్న ఇన్‌పుట్ ఇంపీడెన్సులో పదోవంతుకు మించకపోవడం యోగ్యత. కేబుల్ పొడవు సన్నిధి.

పూర్వపక్షం: ‘‘రెండు వైపులా సమానంగా ఉండాలయ్యా, 600కి 600 ఓములు.’’ పొడుగాటి టెలిఫోన్ లైను మీద ఇది నిజం. అక్కడ సమానం కాకపోతే శబ్దం తిరిగొచ్చి ప్రతిధ్వనిస్తుంది. గురువుగారు ఆ లైన్లతోనే బతికారు, వారి పట్టుదలకు కారణముంది. కానీ పందిట్లో సమానం చేస్తే వోల్టేజి సగానికి, అంటే 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఒకటికి పది అయితే పోయేది 0.8 డెసిబెలే.

సిద్ధాంతం: నేను గురువుగారి ప్రీయాంప్ మూత విప్పి చూశాను. 5532 ఐసీ, దాని తర్వాత 100 కిలో ఓముల వాల్యూమ్ పాట్, పాట్ మధ్య కాలు నుంచి సరాసరి అవుట్‌పుట్ సాకెట్‌కు ఒక ఎర్రవైరు. సిగ్నల్ సగానికొచ్చే చోట ఆ పాట్ 25 కిలో ఓముల ఇంపీడెన్సు చూపిస్తుంది. మామూలు షీల్డు వైరుకు మీటరుకు 100 పికోఫారడ్లనుకోండి. వేదిక నుంచి 30 మీటర్లు లాగి, 47 కిలో ఓముల పవర్ యాంప్‌కు తగిలిస్తే 3.3 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పోతాయి, ఆపైన జారుడే. స, శ, షలు అక్కడే చస్తాయి. హరిదాసు సీత అన్నాడో గీత అన్నాడో ముసలమ్మలకు ఎలా తెలియాలి? అదే డబ్బా ఇంట్లో ఒక్క మీటరు వైరు మీద అద్భుతంగా పాడుతుంది. గురువుగారు పరీక్షించేది ఇంట్లోనే.

ఇప్పుడు చెప్పండి, బంగారు పూత పిన్నుల కేబుల్ ఎందుకు కొనిపించారు? చందా డబ్బులు కావూ? అదీ 30 మీటర్లే, దానికీ అదే కెపాసిటెన్సు. పాట్ తర్వాత మరో ఐసీతో బఫర్ కట్టి, అవుట్‌పుట్‌లో 100 ఓముల రెసిస్టరు పెట్టి ఉంటే బుధవారీ బజార్లో దొరికే మామూలు వైరైనా హాయిగా పనిచేసేది. బఫర్ ఐసీ ఖరీదు ఆ పిన్నుల్లో ఒక్కదానికి సరిపోదు.

విశేషం: చివర్లో పెట్టే కప్లింగ్ కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అయితే, 47 కిలో ఓముల మీద 34 హెర్ట్జ్ దాకా దిగుతుంది. అద్దెకు తెచ్చిన 10 కిలో ఓముల యాంప్ మీద 159 దగ్గరే ఆగి మృదంగం తొప్పి మూగబోతుంది. గుర్‌మనే మోతకు మాత్రం గురువుగారు పైన పోయే 25 కిలోవోల్టుల రైలు తీగను తిట్టారు. ప్రీయాంప్‌ను, పవర్ యాంప్‌ను ఒకే బోర్డులో గుచ్చగానే ఆ మోత పోయింది. రైలు తీగ ఎక్కడికీ పోలేదు.

తాత్పర్యం: గురువుగారూ, వచ్చే నవమికి కేబుల్ చీటీ రాయకండి. డబ్బా వెనక మార్కర్‌తో రెండంకెలు రాయండి: అవుట్‌పుట్ ఇంపీడెన్సు ఎంత, గరిష్ఠంగా ఎన్ని వోల్టులు. మిగతా లెక్క మేం చూసుకుంటాం.