నియామకాలు వాళ్లకే అప్పగిద్దాం

యువత అత్యాశకు పోయి ఆన్‌లైన్ ఉద్యోగాల మోసాల్లో పడొద్దని పెద్దలు ఈ వారం మళ్లీ సెలవిచ్చారు. ఏ పెద్దలని అడక్కండి. ప్రకటన ఎప్పుడూ అదే, కింద సంతకమే మారుతుంటుంది. అది చదివాక నాకో ఉపాయం తట్టింది: మన నియామకాలన్నీ ఆ మోసగాళ్లకే కాంట్రాక్టుకిచ్చేస్తే?

నవ్వకండి, పనితీరు చూడండి. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాయించారు. పేపర్ల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాయించారు. అదీ హైకోర్టులో రద్దయింది. ఆంధ్రాలో 2018 నోటిఫికేషన్ గ్రూప్-1 మెయిన్స్ చెల్లదని తీర్పొచ్చేసరికి 2024. మరి టెలిగ్రామ్‌లో ‘హాయ్ డియర్’ అంటూ పలకరించే హెచ్ఆర్ మేడమ్? పొద్దున్నే ఇంటర్వ్యూ, భోజనాల వేళకి ఆఫర్ లెటర్. పరీక్షే లేదు గనక లీకేజీ లేదు, కీ మీద అభ్యంతరాలు లేవు, కోర్టు మెట్లు లేవు. లెటర్ వచ్చింది జీమెయిల్ నుంచే కావచ్చు, మూడు సింహాలు మాత్రం మెరిసిపోతుంటాయి.

జీతాల్లోనూ వాళ్లే మేలు. వీడియోకి లైక్ కొడితే యాభయ్యో వందో అప్పటికప్పుడే ఖాతాలో పడుతుంది. రెండు రోజులయ్యాక ‘ప్రీపెయిడ్ టాస్క్’ అని వెయ్యి కట్టమంటారు, తర్వాత పదివేలు, ఆపైన లక్ష. ఉద్యోగే కంపెనీకి జీతమిచ్చే పద్ధతి! మన ఆర్థిక శాఖకి ఇన్నాళ్లూ ఎందుకు తోచలేదో.

విదేశీ విభాగం ఇంకా ఘనం. కంబోడియాలో డేటా ఎంట్రీ. వెళ్లేది టూరిస్టు వీసా మీద, అంటే ముందు విహారం, ఆనక ఉద్యోగం. దిగగానే పాస్‌పోర్టు వాళ్లే దాచిపెడతారు. వసతి ఉచితం. గేటు దగ్గర కాపలా, బయటివాళ్లు రాకుండా కాదు, లోపలివాళ్లు పోకుండా. పైగా తెలుగు వస్తే అదే అర్హత. ఫోన్ చేసి ముంచాల్సింది తెలుగువాళ్లనే కదా. మాతృభాషలో ఉపాధి కావాలని మనం సభలు పెట్టి తీర్మానాలు చేసుకున్నాం, వాళ్లు కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో అమలుచేసి చూపించారు. టార్గెట్ తప్పితే తిండి బంద్, చీకటి గది. ఇంత క్రమశిక్షణ మన ఏ సచివాలయంలో ఉంది?

ఇక నావల్ల కాదు. ఆ తిండి బంద్, ఆ చీకటి గది నేను కల్పించినవి కావు. 2024లో కంబోడియా నుంచి విశాఖకి తిరిగొచ్చిన పిల్లలు చెప్పుకున్నవి. 2025 మార్చిలో మియన్మార్ ముఠాల చెర నుంచి బయటపడ్డ 549 మందిని వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు, వాళ్లలోనూ మన తెలుగువాళ్లున్నారు. ఏం కోరుకుని వెళ్లారండీ వాళ్లు? మంత్రి పదవులా? కంప్యూటర్ ముందు కూర్చుని అంకెలు కొట్టే పని. అప్పుచేసి బీటెక్ చదివించిన నాన్నకి నెలనెలా నాలుగు రాళ్లు పంపాలనుకోవడం అత్యాశా? మరి ప్రతి ఎన్నికకీ మీరు మైకులో చెప్పే లక్షల ఉద్యోగాల లెక్కనేమనాలి?

విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప పైసా ఎక్కువ తీసుకోకూడదు. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు కానివాడు అసలు ఆ వ్యాపారమే చెయ్యకూడదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అవతలి ఖాతాని ఆపించే వీలుంది. ఈ మూడు ముక్కలు ఏ కాలేజీ గోడ మీదా, ఏ బస్టాండులోనూ నాకు కనబడలేదు. ‘విదేశాల్లో ఉద్యోగం, అనుభవం అక్కర్లేదు’ అంటూ ఫోన్ నంబరు మాత్రం కరెంటు స్తంభాలకి వేలాడుతోంది. ఆ స్తంభాలు ప్రభుత్వానివే.