ఆటలో అరటిపండుకో వకీలు

మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా ఏ చాయ్ హోటల్ ముందు ఆగినా ఇలాంటివాడు ఒకడు తగులుతాడు. వయసు ముప్ఫైకి అటూ ఇటూ. మెడలో తుర్కపల్లి వైపు ఏదో ఫార్మా కంపెనీ ఐడీ కార్డు. డ్యూటీ దిగి రెండు గంటలైనా తీయడు. అసలు పేరేదైనా దోస్తులు పిలిచేది మాత్రం వకీల్ సాబ్ అనే. షామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నమాట నిజమే గానీ, దానితో ఇతని సంబంధం బస్సు కిటికీలోంచి బోర్డు చదవడం వరకే. ఇతను వాదించే కేసులు వేరు. ఏ జట్టులోనైనా సరే, జనం ‘వీడెందుకు?’ అని పెదవి విరిచే ఆ చివరి మనిషే ఇతని కక్షిదారు. ఫీజు ఒక చాయ్. అదీ ఎదుటివాడు ఇప్పిస్తేనే.

ఎన్నేళ్లయినా తెగని పెద్ద కేసు హాకైది. అవెంజర్స్ జట్టులో ఒకడు పిడుగులు కురిపించే దేవుడు. ఒకడు కోపమొస్తే కొండంత అయ్యే సైంటిస్టు. ఇంకొకడు ఇనుప సూటు వేసుకుని ఎగిరే కోటీశ్వరుడు. వాళ్ల పక్కన విల్లు పట్టుకుని నిలబడ్డ మామూలు మనిషి క్లింట్ బార్టన్ అలియాస్ హాకై. ఎగరలేడు. గోడలు పాకలేడు. మేడ మీంచి పడితే నడుం విరుగుతుంది. అందుకే దోస్తులు ఒక్క ముక్కలో తేల్చేస్తారు: “ఆటల అరటిపండు గాదురా వాడు?”

అంతే, వకీల్ సాబ్ గ్లాసు కింద పెడతాడు.

వాదన బల్ల మీదే మొదలవుతుంది. చక్కెర డబ్బా థోర్. ఉస్మానియా బిస్కెట్ల సీసా హల్క్. స్టీలు జగ్గు ఐరన్ మ్యాన్. బోర్లించిన సాసరు కెప్టెన్ అమెరికా. చివర్లో, సగం కొరికిన బిస్కెట్‌కి ఒక టూత్‌పిక్ గుచ్చి, ఊపిరి బిగబట్టి నిలబెడతాడు. అది హాకై. “ఇప్పుడు చూడుండ్రి, దీన్ని గన్క తీసేస్తే...” అంటుండగానే పక్క బెంచీ మీద మిర్చీబజ్జీ ముగించిన పెద్దాయన చెయ్యి చాపి ఆ టూత్‌పిక్ తీసుకుని పళ్ల సందులో పెట్టుకుంటాడు.

“అయ్యో కాకా, అది హాకై!”

“ఏంది?”

బల్ల మీద జట్టుకు ఏ లోటూ వచ్చినట్టు కనపడదు. కేసు వాయిదా పడుతుంది.

అయితే ఇతను గాలికి మాట్లాడేవాడు మాత్రం కాదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేసినవాడు. 2023లో ఎంఎంటీఎస్ రైలు మేడ్చల్ దాకా వచ్చాక ఆ ప్రయాణం మరీ సులువైంది. చరిత్ర తేదీలతో సహా నోటి చివర ఉంటుంది. స్టాన్ లీ రాసి, డాన్ హెక్ బొమ్మలు గీసిన హాకై 1964 సెప్టెంబరులో ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’ 57వ సంచికలో తొలిసారి కనిపించాడు, అదీ ఐరన్ మ్యాన్‌కి శత్రువుగా. సర్కసులో పెరిగిన అనాథ. 1965 మేలో ‘అవెంజర్స్’ 16వ సంచిక వచ్చేసరికి జట్టును స్థాపించిన పెద్దలు విశ్రాంతి కావాలని తప్పుకున్నారు. హల్క్ అంతకు ముందే అలిగి వెళ్లిపోయాడు. మిగిలింది కెప్టెన్ అమెరికా ఒక్కడు. ఆయన వెంట చేరినవాళ్లు ముగ్గురు: హాకై, క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్. ముగ్గురూ నిన్నమొన్నటిదాకా విలన్లే. పాత దొంగలను కానిస్టేబుళ్లుగా తీసుకుని ఠాణా నడిపినట్టు నడిపించాడు కెప్టెన్.

“పెద్దోళ్లందరు లీవు పెడితే డ్యూటీ ఎవడు చేసిండన్నా? మనోడే!”

దసరా నాడు నైట్ షిఫ్టు చేసినవాళ్లకు ఈ పాయింటు బరువు వెంటనే తెలుస్తుంది. బల్ల చుట్టూ ఒకరిద్దరు తలలూపుతారు కూడా. 1984లో అమెరికా పశ్చిమ తీరానికి అవెంజర్స్ శాఖ పెడితే దాని నాయకత్వం హాకైకే అప్పగించారన్న రెండో సాక్ష్యం కూడా గట్టిదే. అక్కడ ఆపితే కేసు గెలిచేవాడు. ఆపడు. థోర్‌తో ఒంటికి ఒంటి పోరు పెడితే హాకైదే గెలుపని మొదలుపెడతాడు. “కంట్ల బాణం వడితే దేవుడైతే ఏంది, దయ్యమైతే ఏంది?” అప్పుడే ఊపిన తలలు అడ్డంగా తిరుగుతాయి.

నిజానికి విల్లంటే మన జనానికి చిన్నచూపేమీ లేదు. రాముడిదీ అర్జునుడిదీ అదే ఆయుధం. కాకపోతే మన విలుకాళ్లకు సౌకర్యాలు ఎక్కువ. ఖాండవ దహనానికి ముందు అగ్ని అడిగితే వరుణుడు అర్జునుడికి గాండీవంతో పాటు తరగని అమ్ములపొదులు కూడా ఇచ్చాడు. హాకైకి ఆ వరం లేదు. 2012 నాటి ‘అవెంజర్స్’ సినిమాలో న్యూయార్క్ యుద్ధం మధ్యలో పొది ఖాళీ అవుతుంటే, చచ్చిన శత్రువు ఒంట్లోంచి బాణం పీక్కుని మళ్లీ వాడతాడు. ప్రతివాదులు ఇక్కడ పగలబడి నవ్వుతారు. వకీల్ సాబ్ మాత్రం క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసే మనిషి గనక గంభీరంగా జవాబిస్తాడు: “మెటీరియల్ వేస్ట్ చేయలే. అది చూడాలె మీరు.”

ఇతనికి నిజంగా ఒళ్లు మండాలంటే వేరే దారి ఉంది. “బాణం చివర బాక్సింగ్ గ్లవ్ పెట్టి కొడ్తడు జూడు, వాడే గదా?” అని అమాయకంగా అడగాలి. ఆ గ్లవ్ బాణం గ్రీన్ యారోది. ఆయన 1941 నాటి డీసీ కామిక్స్ మనిషి, కంపెనీయే వేరు. ఈ తేడా ఇతను వివరించే గొంతు షామీర్‌పేట చెరువుకు ఈ కట్ట మీంచి ఆ ఒడ్డుకు వినిపించేలా ఉంటుంది.

2018 ఏప్రిల్ ఇతనికి చేదు జ్ఞాపకం. అవెంజర్స్ సినిమా ‘ఇన్ఫినిటీ వార్’ తెలుగులో విలన్ థానోస్ రానా గొంతుతో గర్జిస్తుంటే హాలంతా ఈలలు. ఇతను రెండున్నర గంటలూ ఒక్క బాణం కోసం తెర మూలలు వెతికాడు. హాకై గృహనిర్బంధంలో ఉన్నాడన్న మాటే తప్ప మనిషి రాలేదు. మరుసటి ఏడాది ‘ఎండ్‌గేమ్’ మొదటి సీనే హాకైది. కూతురికి విలువిద్య నేర్పుతుంటాడు. వకీల్ సాబ్ సీట్లోంచి లేచి నిలబడ్డాడు. వెనక వరుసవాళ్లు కూర్చోమన్నారు.

హాకైకి జట్టులో చోటు దక్కాలా అంటే, దక్కాలి. కానీ వకీల్ సాబ్ చెప్పే కారణాలకు కాదు. అసలు సాక్ష్యం ఇంకోచోట ఉంది. సినిమాల్లో, తర్వాత జట్టు మనిషైన నటాషాను మొదట చంపడానికి పంపితే చంపకుండా తనవైపు తెచ్చినవాడు హాకై. 2015 నాటి ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’లో ఊరికి ఊరే గాల్లోకి లేచిన వేళ, భయంతో ముడుచుకుపోయిన వాండాకు, అంటే ఆ స్కార్లెట్ విచ్‌కే, ధైర్యం చెప్పి తలుపు దాటించినవాడూ అతనే. ఎగిరే నగరం, రోబోల దండు, తన చేతిలో ఒక విల్లు, ఇందులో అర్థంపర్థం లేదని తానే ఒప్పుకుని మరీ బయటికి నడుస్తాడు. ఆ పని థోర్ చేయలేడు. కింద పడితే చచ్చేవాడు చెబితేనే భయపడ్డవాళ్లకు నమ్మబుద్ధేస్తుంది. ఈ పాయింటును టూత్‌పిక్‌తో చూపించడం కష్టం గనక ఇతని వాదనలో ఎప్పుడూ రాదు.

2021 నవంబరులో హాకై పేరు మీదే ఆరు ఎపిసోడ్ల సిరీస్ వచ్చింది. అందులో అతను చెవికి మిషను పెట్టుకుని, వయసు మీద పడ్డ నడుముతో, కుర్ర విలుకత్తె కేట్ బిషప్‌ను వెంటేసుకుని తిరుగుతాడు. నిన్నటిదాకా నవ్వినవాళ్లే “మస్తున్నడురా” అన్నారు. కక్షిదారు గెలిస్తే వకీలు మిఠాయి పంచాలి. ఇతను ముభావంగా తయారయ్యాడు. “గిప్పుడు అందరు అంటరు” అని గొణిగాడు. అందరూ ఒప్పుకున్నాక ఇక కేసేముంది, చాయేముంది?

అయితే దస్త్రాలు ఇంకా ఉన్నాయి. 2001లో కోల్‌కతాలో 281 కొట్టి, 134 టెస్టులాడిన మన హైదరాబాదీ లక్ష్మణ్ ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడలేదు. 2003లో ఆ చోటు దినేశ్ మోంగియాకు పోయింది. మోంగియా పేరెత్తితే ఇతను ఇప్పటికీ నీళ్లు తాగుతాడు. 2019లో రాయుడిని పక్కనపెట్టి, విజయ్ శంకర్ మూడు రకాలుగా పనికొస్తాడని సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ చెబితే, ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని రాయుడు ట్వీటు పెట్టాడు. రాయుడు, ప్రసాద్ ఇద్దరిదీ గుంటూరే కావడం ఇతనికి అదనపు బాధ. ఇంకా వెనక్కి వెళితే సహదేవుడు. శకునిని చంపిందీ, రాజసూయానికి ముందు దక్షిణ దేశమంతా గెలిచి ఆంధ్రులను లొంగదీసిందీ అతనే. “మనల్ని ఓడగొట్టినోడన్నా! గాయనకన్న విలువ ఇయ్యాలె గద మనం?”

ఆదివారాలు ఔటర్ సర్వీసు రోడ్డు పక్క ఖాళీ ప్లాట్లలో క్రికెట్. ఈ మధ్య కెప్టెన్సీ వకీల్ సాబ్‌కే వచ్చింది. జట్టులో పదకొండోవాడు కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడు, లెగ్ స్పిన్ వేస్తాడు.

“అన్నా, ఒక్క ఓవర్ ఇయ్యన్నా.”

“నువ్వు థర్డ్ మ్యాన్‌ల నిలవడు తమ్మీ. బాల్ తుమ్మకంపలకు పోతే తెచ్చెటోడు ఒకడుండాలె గదా.”

“హాకైని గూడ గిట్లనే నిలవెట్టిండ్రా అన్నా?”

వకీల్ సాబ్ ఫీల్డింగ్ సర్దుతూనే, వెనక్కి తిరగకుండా అన్నాడు: “హాకైకి నిశానా తప్పదు. నువ్వు పోయిన్నాదివారం రెండు వైడ్లేసినవ్. జరుగు, ఇంకింత లోపలికి.”