హవల్దారు గారి నేవీ సర్వీసు

నేను మిలిటరీ మనిషినే, అందులో అబద్ధం లేదు. కాకపోతే సర్వీసంతా సప్లై డిపోలో బియ్యం, పప్పు బస్తాలు లెక్కపెట్టడంతోనే గడిచింది. ఈ రెండో సంగతిని గద్వాలలో మా గడప దాటనివ్వలేదు. మా వీధిలో వాళ్లు నా పేరు చెబితే పాకిస్తాన్ ఇప్పటికీ ఉలిక్కిపడుతుందనుకుంటారు. అలా అనుకునేలా చేసిందెవరో మీకు వేరే చెప్పాలా?

మొన్న వనపర్తిలో ఉండే బిడ్డ, అల్లుడు, మనవడితో విశాఖ పోయాం. ఆర్కే బీచ్ ఒడ్డున ఐఎన్ఎస్ కురుసుర. 1969లో నేవీలో చేరిన సోవియట్ సబ్‌మెరైన్. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా తిరిగింది. 2001లో రిటైరై, మరుసటేడు మ్యూజియం అయింది. 31 ఏళ్ల సర్వీసు! నాకంటే ఎక్కువ. అక్కడే కొంచెం మండింది.

లోపల వివరించేది నేవీలో రిటైరైన వాళ్లే. 91 మీటర్ల ఇనుప గొట్టంలో 70 మందికి పైగా ఎలా ఉండేవారో ఒకాయన చెబుతున్నాడు. మంచినీళ్లు పొదుపుగా వాడాలి, స్నానం మాట మరిచిపోవాలి. చుట్టూ సముద్రం, ఒంటికి చెంబెడు నీళ్లు లేవు! పక్కనుంచే కృష్ణ పోతున్నా బిందెలు పట్టుకుని బారులు తీరిన పాలమూరోడికి ఇదేం కొత్త? ఊరికే తలూపితే సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా? "అవునవును, మా షిప్పులోనూ ఇంతే" అనేశాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "సార్ నేవీయా? ఏ షిప్పు?"

జన్మలో నేనెక్కింది కృష్ణలో పుట్టి ఒక్కటే. నోటికి విక్రాంత్ వచ్చింది, విక్రాంత్ అన్నాను, ఎప్పుడు సార్ అన్నాడు, కార్గిల్ టైమ్ అన్నాను, అది 97లోనే రిటైరైంది కదండీ అన్నాడు, జనమంతా నావైపు తిరిగారు, తప్పించుకుందామని పక్క గదిలోకి దూరబోతే ఆ గుండ్రటి తలుపులో సగం ఇటు, సగం అటు ఇరుక్కున్నాను, నుదురు ఇనుముకు తగిలి ఠంగుమంది, సరిగ్గా అప్పుడే మనవడు, "తాతా, నువ్వు బియ్యం బస్తాల కాడుంటివని అమ్మ చెప్పె గద!" అని అరిచాడు.

ఆయన పెద్దమనిషి. నన్ను బయటికి లాగి సెల్యూట్ కొట్టాడు. రెండు తిట్టినా బాగుండేది.

బస్తాల పుణ్యమా అని వచ్చే పింఛను తీసుకోవడానికి నాకు సిగ్గు లేదు. కథకు మాత్రం తుపాకీ కావాలి. మీరు నవ్వకండి. గుమాస్తాగా రిటైరై "ఆఫీసంతా నా మీదే నడిచేది" అని అల్లుడితో అనని మామ ఎక్కడైనా ఉంటే చూపించండి, వెళ్లి దండం పెట్టుకుంటాను.

ఇంతటితో బుద్ధొచ్చిందనుకునేరు. ఊళ్లో దిగిన మర్నాడే కోట దగ్గర చాయ్ హోటల్లో, "సబ్‌మెరైన్ ఎక్కొచ్చిన" అన్నాను.

"అబ్బో! ఎంత లోతుకు పోయిందన్నా?"

ఒడ్డు మీంచి అంగుళం కదలని బండి అది.

"ఎక్కువ పోనియ్యలే," అన్నాను, "పిల్లగాడున్నడని."