వరికుంటపాడు ఫుట్‌బాల్ క్లబ్బు (ప్రస్తుతం ఢిల్లీ)

మొత్తానికి హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ బండెక్కింది. ఇకమీదట స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట. ఆ వార్త చదివి గచ్చిబౌలిలో కొందరు ఏడ్చి ఉంటారు. నెల్లూరు జిల్లా పడమటి కొసన, వరికుంటపాడు మండలంలో ఒక పొగాకు రైతు మాత్రం ఎగిరి గంతేశాడు. అప్పుల్లో మునిగినవాడికి పొలం అమ్మడం, ఐపీ పెట్టడం, రాత్రికి రాత్రి బెంగళూరు బస్సెక్కడం, ఈ మూడే దారులని ఆయన ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు. పరువు పోకుండా బయటపడే నాలుగో దారి ఒకటుందని అక్టోబరు 2025 దాకా ఎవరూ చెప్పలేదు.

ఫుట్‌బాల్ క్లబ్బయిపోవడం.

‘‘నేనింక మనిషిని కాదే, క్లబ్బుని’’ అని ఇంట్లో ప్రకటించాడు. ‘‘అట్నే కానీ, ఎరువుల కొట్టాయన అరుగు మీద కూర్చోనుండాడు, ముందు ఆయనకు సమాధానం చెప్పు’’ అంది భార్య.

క్లబ్బు చరిత్ర మేనల్లుడు సెల్లులో చూసి చెప్పాడు. పుణేలో ఒక టీముండేది. దాని యజమానులు గృహరుణాల కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్ వాధ్వాన్లు. 2019లో టీము మూతపడింది. అదే ఏడాది నవంబరులో రిజర్వు బ్యాంకు ఆ కంపెనీని దివాలా కోర్టుకు పంపితే, అప్పులవాళ్ల లెక్క 87 వేల కోట్లు దాటింది. పుణే టీము ఖాళీ చేసిన చోటులోకి 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ఆ నెలలోనే ఢిల్లీలో ఉన్న డైనమోస్ భువనేశ్వర్‌కు మకాం మార్చి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఇప్పుడు అదే ఢిల్లీకి హైదరాబాదు టీము పోయింది. ‘‘సీటు మారుతుంది, బస్సు అదే అన్నమాట’’ అన్నాడు రైతు, పద్ధతి నచ్చి.

‘‘ఆట బాగా ఆడేవాళ్లా?’’

ఆడకేం! 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి లీగ్ కప్పు కొట్టారు. గోలీ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ సీజన్లో ఓగ్బెచే 18 గోల్స్ వేశాడు. తర్వాతి ఏడాది రెండో స్థానం. ఆ తర్వాత జీతాలు ఆగిపోయాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 2023-24లో 22 మ్యాచ్‌లాడితే ఒకే ఒక్క గెలుపు. 18 గోల్స్ వేసిన ఆ ఓగ్బెచేనే తన జీతం కోసం ఫీఫా దాకా పోవాల్సొచ్చింది. ఫీఫా శిక్ష వేసింది.

‘‘ఏం శిక్షరా అబ్బయ్యా?’’

‘‘కొత్త ఆటగాళ్లను పెట్టుకోకూడదు మామా.’’

రైతు చాలాసేపు నవ్వాడు. పోయినేడు ఆకు విరిచి, కర్రలకు అల్లి, ఆకు కాల్చే బ్యారన్‌కెక్కించిన కూలీలకు ఆయన ఇంకా బాకీ. కూలి ఎగ్గొట్టినవాడికి శిక్ష కొత్త కూలీలను పిలవకపోవడమే అయితే అంతకంటే సుఖమేముంది! ఎటూ పిలిచినా వచ్చేవాళ్లు లేరు.

సంబరంగా కాగితాలు రాసుకున్నాడు. బ్యారన్ స్టేడియమైంది. నారుమడి యూత్ అకాడమీ అయింది. వడ్డీ వ్యాపారి వ్యూహాత్మక భాగస్వామి అయ్యాడు. అసలు కట్టలేని ఏడును ‘పునర్నిర్మాణ సీజన్’ అని రాశాడు. జెర్సీకి పసుపు రంగే ఎంచుకున్నాడు, హైదరాబాదుదీ అదే కదా, మళ్లీ కుట్టించే ఖర్చుండదు. చివరి కాగితంలో ‘స్పోర్టింగ్ బ్యారన్ ఢిల్లీ’ అని పేరు మార్చుకుని, బకాయి నోటీసులన్నీ వరికుంటపాడు పాత చిరునామాకే పంపాలని రాసి బ్యాంకుకు పోయాడు.

అక్కడ తెలిసింది, ఆయన ఆడుతున్న లీగ్ వేరని.

బ్యారన్ లైసెన్సు ఎక్కడ రిజిస్టరైతే అక్కడిదే, ఢిల్లీ కాదుగదా పక్క మండలానికి తీసుకుపోవాలన్నా పొగాకు బోర్డు ఒప్పుకోవాలి. ఎన్ని కిలోలు పండించాలో బోర్డు చెబుతుంది. ఎక్కువ పండిస్తే అపరాధ రుసుం. కలిగిరిలోనో డీసీపల్లిలోనో బేళ్లు వేలమయ్యాక, డబ్బు రైతు కంట పడకముందే బ్యాంకు కంతు కోసుకుంటుంది. వచ్చినదానికి మించి ఖర్చు పెట్టొద్దని క్లబ్బులకు చెప్పడానికి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏకు 2010 దాకా పట్టింది. 2023లో ఇంగ్లండు అగ్రశ్రేణి లీగులోనైతే మూడేళ్లలో పదిన్నర కోట్ల పౌండ్ల దాకా నష్టపోయే వీలుండేది, దాటితేనే తప్పు. ఆ ఏడాది నవంబరులో అలా దాటిన క్లబ్బు ఎవర్టన్‌కు పది పాయింట్లు కోశారు. అప్పీలుకు పోతే నాలుగు తిరిగొచ్చాయి. డీసీపల్లిలో కొనేవాడు లేక బేలుకు నోబిడ్ పడితే ఏ అప్పీలుకు పోవాలో బ్యాంకు మేనేజరుకు కూడా తెలియదు.

2015లో ధర కూలినప్పుడు ఆంధ్రలో పొగాకు రైతులు పేర్లు మార్చుకోలేదు, పురుగుమందు తాగారు. అప్పు వాళ్లతో పోలేదు. అప్పులవాళ్లు గుమ్మంలో మిగిలిన ఆడమనిషిని అడిగారు. ఆ ఇళ్లకు రీబ్రాండింగ్ లేదు, కొత్త ఇన్వెస్టర్ రాడు.

ఇక ఆ టీము వదిలిపోయిన హైదరాబాదంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఊరు. మెల్‌బోర్న్‌లో 1956లో భారత్‌ను ఒలింపిక్స్ నాలుగో స్థానానికి, 1962లో జకార్తా స్వర్ణానికి నడిపిన కోచ్. ఆయన తయారు చేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు కొట్టింది. ఆ ఆటగాళ్లకు పోలీసు శాఖలో ఉద్యోగముండేది, నెల తిరిగితే జీతం వచ్చేది. అదే ఊళ్లో 2022 చాంపియన్‌ను మూటగట్టి వేరే ఊరికి పంపిస్తే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దాన్ని చిరునామా మార్పులా చూసింది. లైసెన్సు మరో నగరానికి పోతున్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న స్టేడియం ఎంత పెద్దదని కాదు. జీతం రాక ఆట వదిలి వెళ్లిన ఒక్కొక్కరికీ ఎంత బాకీ, ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు, ఇంకెంతుంది? గడ్డి కోసినవాడు, బస్సు నడిపినవాడు, బట్టలుతికినవాడు ఫీఫాకు అర్జీ పెట్టుకోలేరు. వాళ్ల పేర్లతో సహా లెక్క బయట పెట్టాకే ఢిల్లీకి పంపాల్సింది.