ఆకు పద్యానికి టీకా తాత్పర్యం

ఆకు రాలదనెడి యాశతో నుండితి
రెండు గెలిచినపుడె రేగె తపన
ఏడవదియె మాకు నేడుపే మిగులగా
మరుసటేడు కప్పు మనదె సుమ్ము

అవతారిక: ఈ ఆటవెలది కర్త టొరంటో నగరంలో స్కార్‌బరో నివాసి. పుట్టింది కృష్ణాతీరం. వృత్తి పరుల లెక్కలు చూడటం, వ్యసనం మేపుల్ లీఫ్స్ అనే ఆ ఊరి హాకీ జట్టు. కవికాలం గురించి పండితుల్లో తగవు లేదు. పద్యం 2025 మే 18, ఆదివారం రాత్రి, టీవీ కట్టేశాక, నిద్ర పట్టకముందు పుట్టింది. ఆ రాత్రి సొంత మైదానమైన స్కోషియాబ్యాంక్ అరీనాలో ఫ్లోరిడా పాంథర్స్ 6, మేపుల్ లీఫ్స్ 1.

హాకీ అనగానే ధ్యాన్‌చంద్‌కు దండం పెట్టుకునే పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. కెనడాలో ఆ మాటకు మంచే నేల, కాళ్లకు స్కేట్లు, బంతికి బదులు పక్ అనే నల్ల రబ్బరు బిళ్ల. 32 జట్లు చలికాలమంతా తలా 82 ఆటలు ఆడితే ఏప్రిల్‌కు 16 మిగులుతాయి. అక్కణ్ణుంచి ప్లేఆఫ్స్. నాలుగు గండాలు. ఒక్కో గండంలో ఒకే ప్రత్యర్థితో ఏడు ఆటల దాకా పోరు. ముందుగా నాలుగు గెలిచినవాళ్లు గట్టెక్కినట్టు.

ప్రతిపదార్థం: ఆకు = నీలి చొక్కా మీద తెల్లగా వేసుకునే మేపుల్ ఆకు, లక్షణచేత ఆ చొక్కా తొడిగిన జట్టు; రాలదు అనెడి = ఈసారికి పడిపోదు అనే; ఆశతోన్ = కోరికతో (మతిమరుపుతో అని కొందరు); ఉండితి = ఉంటిని. లోకంలో ఆకులు శరత్తులో రాలతాయి. ఈ ఆకు వసంతంలో రాలుతుంది, అదీ చాలా ఏళ్లు మొదటి గండంలోనే. 2004 తర్వాత మళ్లీ ఒక్క గండం దాటడానికి 2023 దాకా పట్టింది. టాంపాలో ఆరో ఆట ఓవర్‌టైమ్‌లో జాన్ టవారెస్ గోల్ వేసిన ఆ రాత్రి టొరంటోలో కార్ల హారన్లు వింటే కప్పే వచ్చిందనుకోవాలి. వచ్చింది రెండో గండం. అందులో ఇదే ఫ్లోరిడా అయిదు ఆటల్లో పని ముగించింది.

"ఉండితి" ఏకవచనం. మూడో పాదానికి వచ్చేసరికి "మాకు" అన్నాడు. నాలుగో పాదంలో "మనదె". ఆశపడటానికి కవి ఒక్కడే చాలు. ఏడవడానికి ఊరిని తోడు తెచ్చుకున్నాడు. రాని కప్పు దగ్గర మాత్రం వింటున్న మనల్ని కూడా కలుపుకున్నాడు. ఇంత ఉదారంగా లేని ఆస్తిని పంచినవాళ్లు అరుదు.

ఇక రెండో పాదం. పద్యానికి ప్రాణం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త కూర్చుంటాం.

రెండు = మొదటి రెండు ఆటలు; గెలిచినపుడె = గెలిచిన ఆ క్షణానే; రేగె = భగ్గుమనెను; తపన = లోపలి మంట. ఆ ఏడు లీఫ్స్ తమ డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచారు, పక్కూరి ఒట్టావాను ఆరు ఆటల్లో పంపేశారు. ఫ్లోరిడాతో తొలి ఆట మొదలై నిమిషం కాకముందే విలియం నైలాండర్ గోల్ కొట్టాడు. 5-4 గెలుపు. గోలీ ఆంథొనీ స్టోలార్జ్ దెబ్బ తగిలి వెళ్లిపోయినా, జోసెఫ్ వోల్ నిలబడ్డాడు. రెండో ఆట 4-3. రెండుకు సున్నా. కిందటేడు కప్పు ఎత్తిన జట్టు మీద!

"ఇది సంతోషించాల్సిన చోటు కదా, తపన ఎందుకు?" అని పూర్వపక్షం. సమాధానం కావాలంటే 2013 దాకా వెళ్లాలి. బోస్టన్‌లో ఏడో ఆట. మూడో పీరియడ్‌లో మన నాజెమ్ కాద్రి నాలుగో గోల్ వేశాడు, 4-1. గడియారంలో ఇంకా పద్నాలుగున్నర నిమిషాలుంది. బోస్టన్ ఒకటి తీర్చింది. పోనీలే. ఒక నిమిషం 22 సెకన్లు ఉందనగా, గోలీని బయటికి పిలిచి అదనపు ఆటగాణ్ణి దింపి, మిలాన్ లూచిచ్ చేత మూడోది కొట్టించారు. 51 సెకన్లు ఉందనగా పాట్రిస్ బెర్జరాన్ నాలుగోది. రెంటికీ నడుమ 31 సెకన్లు. ఓవర్‌టైమ్‌లో మళ్లీ ఆ బెర్జరానే. అరీనా బయట పెద్ద తెర ముందు నిలబడ్డ జనం మొహాలను ఆ రాత్రి టీవీలు పదే పదే చూపించాయి. మన కవి ఆ జనంలో ఉన్నాడని ఒక ఐతిహ్యం. ఆయన కాదనడు, ఔననడు.

2018లో బోస్టన్‌లోనే ఏడో ఆటలో రెండు పీరియడ్లు ముగిసేసరికి 4-3 ముందున్నారు, 7-4తో ఓడారు. 2021లో మాంట్రియల్ మీద 3-1 ఆధిక్యం. మిగిలిన మూడూ పోయాయి. కనుక సిద్ధాంతం ఏమిటంటే, ఈ జట్టుకు ఓటమి వచ్చే తలుపు పేరు ఆధిక్యం. వెనకబడ్డ రోజు అభిమాని హాయిగా కాఫీ తాగుతాడు, పోయేదేమీ లేదు కనక. ముందున్న రోజు వాడి కాళ్లు చేతులు ఆడవు. కవి "మురిపెము" అనలేదు, "హర్షము" అనలేదు, "తపన" అన్నాడు. అనుభవశాలి.

మూడో ఆట కూడా దీనికి భాష్యమే. ఫ్లోరిడాలో మొదట రెండు గోల్స్ ముందున్నది మనవాళ్లే. ఓవర్‌టైమ్‌కు పోయింది. అక్కడ బ్రాడ్ మార్షాండ్ కొట్టిన పక్ మన మోర్గాన్ రైలీకే తగిలి వలలో పడింది.

మార్షాండ్ ప్రతినాయకుడు. కావ్యలక్షణం తెలిసినవారికి ఇతని గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. 2013, 2018, 2019, 2024 ఏడో ఆటల్లో టొరంటోను ఇంటికి పంపిన బోస్టన్ జట్లన్నిట్లో ఇతనున్నాడు. 2025 మార్చిలో బోస్టన్ ఇతన్ని ఫ్లోరిడాకు ఇచ్చేసింది. పీడ విరగడైందని స్కార్‌బరోలో మిఠాయిలు పంచారు. రెండు నెలలు తిరక్కుండా అదే మనిషి వేరే చొక్కాతో ఎదురొచ్చాడు, అయిదోసారి మన మీద ఏడో ఆట గెలిచాడు. ఇలాంటి విలన్‌ను కల్పిస్తే సంపాదకుడు అతిగా ఉందని కొట్టేస్తాడు.

ఏడవదియె = ఏడో ఆటే; మాకున్ = మాకు; ఏడుపే = రోదనమే; మిగులగా = శేషింపగా. శబ్దాలంకార ప్రియులు ఇక్కడ ఆగి చప్పట్లు కొడతారు. మేం ఆగం, ఎందుకంటే ఇది అలంకారం కాదు, లెక్క. 2013, 2018, 2019, 2021, 2022, 2024, 2025. వరుసగా ఏడు ఏడో ఆటలు, ఏడూ ఓటములు. కవి వృత్తి మరోసారి గుర్తు చేస్తున్నాం.

నాలుగు, అయిదు ఆటల ప్రస్తావన పద్యంలో లేదు. 0-2, 1-6 అని వ్యాఖ్యాత కూడా ఊరుకుంటాడు. ఆరో ఆటలో మాత్రం ఆస్టన్ మాథ్యూస్ మూడో పీరియడ్‌లో ప్రతిష్టంభన విరిచి, వోల్ ఒక్కటీ పోనివ్వక, 2-0తో ప్రాణం పోశారు. పోసింది ఏడో ఆటలో తీయడానికి. ఆ చివరి రాత్రి 3-0 వెనకబడ్డాక మాక్స్ డోమి ఒకటి వేస్తే హాలంతా లేచింది. జనం కూర్చునేలోగా, నిమిషమైనా కాకుండా, ఫ్లోరిడా నాలుగోది వేసింది.

ఇక్కడ ఆచారం గురించి చిన్న మాట. ప్లేఆఫ్స్ మొదలైతే ఆటగాళ్లు, వాళ్లను చూసి అభిమానులు, గడ్డం గీయరు. అయ్యప్ప మాల వేసినట్టే. 1980ల న్యూయార్క్ ఐలాండర్స్ నుంచి వచ్చిన దీక్ష ఇది. పూర్తిగా నడిస్తే రెండు నెలలు. టొరంటోలో దువ్వెన పెట్టేంత గడ్డం పెరిగిన అభిమానిని చూశామన్నవాళ్లు మాకు తారసపడలేదు.

కప్పు = స్టాన్లీ కప్పు; మనదె సుమ్ము = మనదేనని తెలియుము. 1892లో గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ ఇచ్చిన వెండి గిన్నె కాలక్రమాన కింద పట్టీలు చేరి ఎత్తు పెరిగింది. గెలిచినవాళ్ల పేర్లు ఆ పట్టీల మీద చెక్కుతారు. నిండిపోతే అన్నిటికన్నా పాత పెద్ద పట్టీని ఊడదీసి టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో భద్రపరుస్తారు. 2018లో అలా ఊడొచ్చిన పట్టీతో 1962, 63, 64 గెలుపులు వెళ్లిపోయాయి. ఇప్పుడు కప్పు పొట్ట చుట్టూ ఉన్న పెద్ద పట్టీల్లో టొరంటో పేరున్నది ఒక్కచోటే, 1967. ఆ ఏడు లీగ్‌లో ఉన్నవే ఆరు జట్లు. ఇంకొన్నేళ్లలో ఆ పట్టీ వంతు కూడా వస్తుంది. ఆలోగా మరోటి గెలవకపోతే కప్పు నడుం చుట్టూ టొరంటో ఆనవాలు ఉండదు. తమాషా ఏమిటంటే, ఊరేగింపుల్లో లేనప్పుడు ఆ కప్పు నివాసం కూడా టొరంటో నడిబొడ్డునే, ఆ హాల్లోనే. కవి ఆఫీసు నుంచి నడిచి వెళ్లి చూసి రావచ్చు. చూస్తాడు, ముట్టుకోడు. గెలవనిదే ముట్టరాదని ఆటగాళ్లలో ఉన్న నియమం ఈయన లెక్కల మనిషిగా తనకూ వర్తింపజేసుకున్నాడు.

పాఠాంతరం: కవిగారి కూతురు, టొరంటోలోనే పుట్టిన పిల్ల, నాలుగో పాదాన్ని "మనదొ కాదొ" అని దిద్దింది. "నాన్నా, గణాలు సరిపోయాయి, యతి కూడా తప్పలేదు. నిజం కూడా చెప్పినట్టుంటుంది." ఛందస్సు దృష్ట్యా ఆ పిల్ల మాట కాదనలేం. జులై వచ్చేసరికి మన జట్టు నుంచి మిచ్ మార్నర్ లాస్ వేగస్ జట్టుకు వెళ్లిపోవడంతో ఆ పాఠానికి బలం పెరిగింది కూడా. కవి మాత్రం ఒప్పుకోలేదు. "అమ్మా, అది వార్త. ఇది పద్యం" అన్నాడట.

ఎడ్మంటన్‌లో ఉండే బావమరిది ఆ ఆదివారం రాత్రే ఫోన్ చేసి, "చాంపియన్ల చేతిలోనేగా బావా, తప్పేముంది" అని ఓదార్చాడు. నెల తిరిగేసరికి అదే ఫ్లోరిడా ఫైనల్లో ఎడ్మంటన్‌ను ఆరు ఆటల్లో ఓడించింది, వరుసగా రెండో ఏడు. 1993లో మాంట్రియల్ తర్వాత కెనడా జట్టేదీ కప్పు గెలవని సంగతి ఇంకో ఏడాదికి సాగింది. ఈసారి ఫోన్ స్కార్‌బరో నుంచి వెళ్లింది. "చాంపియన్ల చేతిలోనేగా రా, తప్పేముంది." ఈ పద్యానికి ప్రయోజనం ఏమిటని అడిగేవారు ఆ ఫోన్ మాట్లాడుతున్నప్పుడు కవిగారి గొంతు విని ఉండాల్సింది.

ఫలశ్రుతి: ఈ పద్యం 82 ఆటలు ముగిసిన రాత్రి స్నానం చేసి, నీలి చొక్కా తొడిగి చదివినవారికి రక్తపోటు అదుపులో ఉండును. మొదటి ఆట ఓడిన రాత్రి చదివినవారికి నిద్ర పట్టును. 2-0 ముందున్న రాత్రి మాత్రం ఎవరూ చదవరాదు, చదివించరాదు, పక్కింటివాళ్లకు వినపడేలా హమ్ చేయరాదు.