పగలూ రాత్రీ కాని వేళ అప్‌గ్రేడ్

నంద్యాల జిల్లా ఎగువ అహోబిలం కొండల్లోని ఉగ్రస్తంభం నరసింహుడు వెలువడిన స్తంభమని స్థలపురాణం. పగలు గాని రాత్రి గాని, లోపల గాని బయట గాని, మనిషి చేత గాని మృగం చేత గాని చావు రాకూడదని హిరణ్యకశిపుడు కోరిన వరాలకు ఆ స్వామి అక్కడ ముగింపు పలికాడని భక్తుల నమ్మకం. అయితే ఆ వరాల జాబితా రాక్షసునితో పాటే పోలేదనీ, ఈ-మెయిల్ సర్వర్ అప్‌గ్రేడ్‌కు అనుమతి కోరిన అడ్మినిస్ట్రేటర్‌కు అందే షరతుల రూపంలో నేటికీ చెక్కుచెదరకుండా ఉందనీ కార్యాలయాల తీరు చూస్తే తెలుస్తుంది. పగలు సిబ్బంది పనిచేస్తుంటారు గనుక సర్వర్ ఆపరాదు. రాత్రి అమెరికా కార్యాలయం తెరుచుకుంటుంది గనుక ఆపరాదు. నెలాఖరున లెక్కలు, నెల మొదట్లో జీతాలు. కొత్త యంత్రం కొనరాదు, పాతదాన్ని ముట్టరాదు. పని మాత్రం ఎవరికీ తెలియకుండా పూర్తికావాలి.

అలా చిక్కుకున్న సర్వర్లలో కొన్ని నడిచేది మిడ్‌రేంజ్ కంప్యూటర్ల మీద. మెయిన్‌ఫ్రేమ్ అంత భారీవీ, బల్లమీది కంప్యూటర్ అంత చిన్నవీ కాక, ఒక సంస్థ లెక్కలన్నీ మోయగల మధ్యస్థాయి యంత్రాలను మిడ్‌రేంజ్ కంప్యూటర్లంటారు. వాటిలో పేరుమోసిన ఏఎస్/400ను ఐబీఎం 1988లో విడుదల చేసింది. వై2కె రోజుల్లో అమీర్‌పేటలో కోర్సులు చేసి విమానమెక్కిన తరానికి ఈ పేరు కొత్త కాదు. 2000లో ఐసిరీస్‌గా, 2006లో సిస్టమ్ ఐగా మారిన ఆ యంత్రం వారసత్వం 2008 నుంచి పవర్ సిస్టమ్స్ మీద ఐబీఎం ఐ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌గా కొనసాగుతోంది. దానిమీద నడిచే డొమినో అనే మెయిల్ సర్వర్ కథా అలాంటిదే: దాన్ని తయారుచేసిన లోటస్ సంస్థను 1995లో ఐబీఎం కొన్నది, 1998లో డొమినో ఏఎస్/400కు వచ్చింది, 2019లో అది హెచ్‌సీఎల్ చేతికి చేరింది. యజమానులు మారారు, పేర్లు మారాయి, ఆఫీసు మూలగదిలోని వెర్షన్ మాత్రం మారలేదు.

ఈ స్థిరత్వానికి ఆధారమైన సిద్ధాంతం "నడుస్తోంది కదా, ముట్టుకోవద్దు" అన్న ఒక్క వాక్యమే. సర్వర్‌ను ఏళ్ల తరబడి రీస్టార్ట్ చేయలేదని సమావేశాల్లో సగర్వంగా ప్రకటించేవారు, ఆ ప్రకటనతో తమ మీద తామే నేరారోపణ చేసుకుంటున్నామని గ్రహించరు. ఐబీఎం ఐలో లోపాలను సరిదిద్దే మరమ్మతులను పీటీఎఫ్‌లంటారు. వాటిలో అనేకం ఐపీఎల్, అంటే యంత్రాన్ని మళ్లీ మొదటినుంచి లేపడం, జరిగితే తప్ప అమల్లోకి రావు. కాబట్టి ఆగని ఏళ్లెన్నో చెప్పడమంటే అమలుకాని మరమ్మతులు ఎన్నేళ్లవో చెప్పడమే.

సర్వర్ ఆగకపోయినా లోకం ఆగలేదు. 2014 అక్టోబరులో పూడిల్ అనే లోపం బయటపడి, సర్వర్ల మధ్య సమాచారాన్ని రహస్యలిపిలో దాచే ఎస్ఎస్ఎల్ 3.0 పద్ధతి పనికిరాదని తేలినప్పుడు, డొమినోకు ఐబీఎం హడావుడిగా కొత్త పద్ధతి టీఎల్ఎస్‌ను జోడించవలసి వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దఎత్తున మెయిళ్లు పంపేవారు తమ చిరునామా నిజమని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే పద్ధతులతో నిరూపించుకోవాలని నియమం పెట్టాయి. మెయిల్‌కు సంస్థ ముద్ర వేసే డీకిమ్ సంతకం డొమినోలో 12వ తరంలో గాని రాలేదు. 9, 10 వెర్షన్లకు హెచ్‌సీఎల్ మద్దతు 2024 జూన్ 1తో ముగిసింది. ఇన్ని జరిగినా, ఇన్వాయిస్ అందలేదని ఖాతాదారు ఫోన్ చేస్తే, "మీ స్పామ్ ఫోల్డర్‌లో చూడండి" అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది.

భయానికి కారణం లేకపోలేదు. ఎప్పుడో మానేసి వెళ్లిన ఉద్యోగి మెయిల్ టెంప్లేట్‌లో చేసిన సొంత మార్పులు ఏ కాగితంమీదా ఉండవు. అప్‌గ్రేడైన రాత్రి ఒంటిగంటకు డొమినోలోని డిజైన్ అనే టాస్క్ తన అలవాటు ప్రకారం లేచి, కొత్త టెంప్లేట్‌ను మెయిల్‌బాక్సుల మీదికి ఎక్కించి, ఆ మార్పులన్నిటినీ తుడిచిపెట్టగలదు. "ఒక్క క్లిక్‌తో అప్‌గ్రేడ్" అని ఊదరగొట్టే అమ్మకందారుల ప్రకటనల్లో ఈ ఒంటిగంట ప్రస్తావన కనిపించదు.

అయినా దారి ఉంది. ఒకే ఐబీఎం ఐ యంత్రంలో రెండు వేర్వేరు వెర్షన్ల డొమినోలు పక్కపక్కన నడుస్తాయి. సర్వర్లను క్లస్టర్‌గా జతకట్టి మెయిల్‌బాక్సుల ప్రతులను రెండో సర్వర్‌లో ఉంచితే, మొదటిది ఆగినా సిబ్బంది రెండోదానిమీద పని సాగిస్తారు. పగలుకూ రాత్రికీ మధ్య సంధ్య ఉన్నట్టే, ఆపడానికీ ఆపకపోవడానికీ మధ్య ఈ వెసులుబాటు ఏళ్లుగా ఉంది. దానికి కావలసిందల్లా డిస్క్‌మీద చోటు, కాగితంమీద ప్రణాళిక, బ్యాకప్ నుంచి ఒక్క మెయిల్‌బాక్స్‌నైనా తిరిగి తెరిచి చూసే ఓపిక.

ఆడిట్‌కు తేదీ పెట్టే యాజమాన్యాలు అప్‌గ్రేడ్‌కూ క్యాలెండర్‌లో తేదీ పెట్టాలి. వారు పెట్టకపోతే ఆ తేదీని చెడిపోయిన డిస్కో, ఊరూ పేరూ లేని హ్యాకరో నిర్ణయిస్తారు. ఆ నిర్ణయానికి పనివేళలనీ నెలాఖరనీ పట్టింపు ఉండదు.